నిప్పు దాటిన జాజు

సిలివేరు సారలమ్మను దుర్గమ్మ మొదటిసారి చూచినది మద్దేడు బడి అరుగుమీద, ఎండ నడినెత్తికెక్కిన వేళ. యానాంలో బయలుదేరి, గోదావరిమీద లాంచీలో భద్రాచలం చేరి, అక్కడినుండి అడవిదారిన ఎడ్లబండిలో ఒళ్ళు హూనమయ్యేట్లు ప్రయాణం చేసి, ఆ అరుగుమీద కూలబడినది దుర్గమ్మ. బడి తాళంచెవి ఉన్న మనిషి సంతకు వెళ్ళాడట. ఎప్పుడు వస్తాడో చెప్పగలవారు లేరు. ఆమె పక్కన ఒక ఇనపపెట్టె, ఒడిలో బొంతలో చుట్టిన ఒక మూట. చంకన నీళ్ళకుండతో నడివయసు స్త్రీ ఒకామె వచ్చి, నాలుగడుగుల దూరంలో నిలబడి, మనిషిని కాక ఆ మూటనే కొంతసేపు పరిశీలించింది.

“పసిపిల్లనుకున్న. ఇంతసేపాయె, ఏడుస్తలేదేందా అని చూడొస్తి,” అన్నది.

“పిల్ల కాదండి. జాడీ.”

“జాడీనా? జాడీని ఒళ్ళ పెట్టుకొని గింత దూరమొచ్చినవా?” ఆమె కుండ దించి దోసిట్లో నీళ్ళు పోసింది. “ముందుగాల నువ్వు తాగు. దానికి తర్వాత తాపుదువు.”

దుర్గమ్మ కడుపునిండా తాగి, ముఖం కడుక్కొని, పేరడిగి తెలుసుకొని, “చాలా ఉపకారం చేశారు, సారలమ్మ గారూ,” అన్నది.

సారలమ్మ వెనుదిరిగి చూచింది. “గారు ఎవరు? నా ఎనక ఎవరూ లేరే.”

ఆ మాటకు దుర్గమ్మ నవ్వినది. ఇల్లు విడిచిన తరువాత ఆమె నవ్వడం అదే మొదలు.

బస్తరు సంస్థానంవారు ఆడపిల్లలకని తెరిచిన ఆ బడికి పంతులమ్మగా రావడానికి గోదావరి జిల్లాలో ఎవరూ ఒప్పుకోలేదు. దుర్గమ్మ ఒప్పుకున్నది. పెళ్ళంటే ఏమిటో తెలియని వయసులోనే ఆమెకు పెళ్ళీ, వైధవ్యమూ రెండూ అయిపోయినవి. తండ్రి యానాంలో ఒక ఫ్రెంచి వర్తకుని దగ్గర గుమాస్తా. కూతురిని మూల కూర్చోబెట్టడానికి మనసొప్పక, చుట్టాలందరితో మాటపడి, కన్యాస్త్రీల బడిలో చదివించాడు. ఆయన పోయిన తరువాత పుట్టింట ఆమెకు మిగిలినది వంటిల్లు ఒకటే. ఏ శుభకార్యంలోనైనా ఆమె ఎదురు రాకుండా చూచుకొనేవారు. ఆమే ముందుగా తెలుసుకొని తప్పుకొనేది. ఆ తప్పుకోవడంలో ఆరితేరిన మనిషికి మద్దేడు దూరమనిపించలేదు.

సారలమ్మ వాళ్ళ కుమ్మరి ఇల్లు బడికి ఆనుకొనే ఉండేది. తొలకరి పడగానే దుర్గమ్మకు చలిజ్వరం పట్టుకున్నది. సారలమ్మ నేలవేము కషాయం కాచి తెచ్చి, ముక్కు మూసి పోసేది. “చేదని మొకం పెట్టకు. నీ అఆలు పిల్లలకు గిట్లనే ఉంటయి,” అనేది. వాగులో గుడ్డలుతికి తెచ్చేది. చుట్టూ తెలుగూ దోర్లీ గోండీ హల్బీ కలగలిసి వినిపించే ఆ ఊళ్ళో, ఏ మాటకు నవ్వాలో ఏ మాటకు తలవంచాలో నేర్పింది కూడా ఆమెయే. జ్వరం దిగేసరికి ‘గారు’ పోయి ‘అక్క’ వచ్చింది. ఎన్నో ఏళ్ళ తరువాత కూడా, తనను కన్నవారు ఇద్దరు, బతికించినది ఒకరు అని దుర్గమ్మ మనసులో అనుకొనేది. పైకి చెబితే సారలమ్మ కసురుకొనేది కనుక చెప్పేది కాదు.

ఆ జ్వరపు రోజుల్లోనే సారలమ్మ తన సంగతీ చెప్పింది. పెనిమిటి పోయి రెండేళ్ళయినది. ఇల్లు గడవడానికి లోటు లేదు. మరిది భూషణం మంచివాడు, కుమ్మరిసారెమీద అతని చెయ్యి అన్న చేతికన్న గొప్పది. తోడికోడలు సోమమ్మ నోటికి అదుపు లేదుగాని, మనసున కల్మషం లేదు. సారలమ్మకు పోయినది వేరొకటి.

ఆ ప్రాంతంలో పెళ్ళికి ముందు పెళ్ళివారు మేళతాళాలతో కుమ్మరి ఇంటికి వస్తారు. సారెకు పసుపుకుంకుమలు పెట్టి, బొమ్మలు వేసిన కొత్తకుండలను తలకెత్తుకొని పెళ్ళింటికి తీసికొనిపోతారు. వాటిని ఐరేని కుండలంటారు. అవి లేకుండా పెళ్ళి లేదు. కాల్చిన ఎర్రకుండకు సున్నం పూసి, ఎర్రమట్టి జాజుతోను, ఆకుపసరుతోను, పసుపుతోను చిలకలు, తీగలు, ఏనుగులు వేస్తారు. కుండ చేసేది మగవారు, బొమ్మ వేసేది ఆడవారు. సారలమ్మ కాపురానికి వచ్చిన ఏడాదినుండి మద్దేడులో పెళ్ళయిన ప్రతి పిల్లా ఆమె చిలకలను చూస్తూనే తాళి కట్టించుకున్నది. కాని ఐరేని కుండ ముత్తయిదువు చేతిమీదుగానే వెళ్ళాలి. పెనిమిటి పోయిననాడు ఆమె చేతి గాజులతోబాటు ఈతపుల్ల కుంచె కూడా పోయినది.

“గాజులకు ఏడ్వలే, పంతులమ్మా,” అన్నది సారలమ్మ. “అవి మొదట్నుంచి పగులుడేనాయె. చెయ్యి ఊకున్నది చూడు, దానికేడ్సిన.”

ఇప్పుడు ఆ బొమ్మలు సోమమ్మ వేస్తున్నది. తనకు రాదని ఆమె మొత్తుకున్నా వినేవారు లేరు. కిందటి పెళ్ళిలో ఎవరి పిల్లో కుండమీదికి చూపించి, ఈ కాకులు ఏం తింటున్నాయని అడిగిందట. సోమమ్మ ఆ సంగతి తానే అందరికీ చెప్పుకొని నవ్వేది. నవ్వి, కుంచెను కంటికి కనబడకుండా చూరులో దోపేది.

జాడీని దుర్గమ్మ బడిలో గూటిలో పెట్టుకున్నది. పరాసుదొర అని అందరూ పిలిచే తండ్రి యజమాని ఫ్రాన్సు వెళ్ళిపోతూ ఇచ్చినది అది. నీలాకాశం, దిగువన చెరువు, గట్టున రెల్లు, బాతులను అదిలిస్తున్న ఒక దొరసాని పిల్ల. రంగు పలచగా పూసినది కాదు. వెన్న రాసినట్లు ఒత్తుగా, వేలికి తగిలేట్లు ఉండేది. అంచున ఒకచోట పెచ్చు ఊడినది. జ్వరం పూర్తిగా తగ్గిననాడు సారలమ్మ మొదటిసారి దానిని చేతిలోకి తీసికొన్నది. బొటనవేలు నాలుకకు అద్దుకొని బాతుమీద గట్టిగా రుద్దింది. వేలికి ఏమీ అంటలేదు. మళ్ళీ రుద్దింది.

“ఏం జిగురు కలిపిన్రు?”

“జిగురు కాదక్కా. రంగు వేసిన తరువాత కాల్చారట.”

“కాల్చినంక వేసిన్రంటవా?”

“కాదు. ముందు వేసి, తరువాతే కాల్చారు. రంగును మట్టిలోనే కలిపి, ఆ మట్టితో బొమ్మ వేసేవారట. మా దొరగారి భార్య నాన్నతో చెప్పింది.”

“మట్టిమీద మట్టే వేసిన్రా,” అన్నది సారలమ్మ మెల్లగా. జాడీని తిరగేసింది. అడుగున ఒక ముద్ర మట్టిలో ఒత్తినది, ఒక ముద్ర కుంచెతో వేసినది. “గీ రెండేంది?”

“ఒకటి జాడీ చేసినవాడిది. రెండోది బొమ్మ వేసినవాడిది. ఇద్దరూ ఒకే కొట్టంలో పనిచేసేవారట. ఒకరు చేసిచ్చినది ఇంకొకరు వేసి, ఇద్దరూ కలిసి కాల్చడానికి ఆవంలో పెట్టేవారు.”

“అన్నదమ్ములా?”

“తెలియదు.”

“తగవులాడుకునేటోళ్ళా?”

“అదీ తెలియదక్కా. వాళ్ళు పోయి చాలా కాలమై ఉంటుంది.”

“కలిసి చేసిన్రు గదా, ఆడుకునే ఉంటరు,” అని తేల్చి, జాడీని గూటిలో పెట్టి వెళ్ళిపోయినది.

మరునాడు ఉదయం దుర్గమ్మ పిల్లలకు పాఠం చెబుతుండగా సారలమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. మోకాళ్ళదాకా మట్టి. కుండలకు మట్టి తొక్కడం ఆమె పని. ఆ పనికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

“పంతులమ్మా, గీ మట్టి తొక్కింది నేను గదా?”

“అవును.”

“దీంతోనే గదా మా భూషణం ఐరేని చేసేది?”

“అవును.”

“నా కాలు తొక్కిన మట్టికి లేని తప్పు నా చెయ్యి తగిలిన జాజుకు ఎందుకొచ్చింది?”

సారలమ్మ జవాబు కోసం ఆగలేదు. “మట్టి ఆవంల పడి కాలుతది. జాజు కాలదు, పైన పూసుడే. గందుకే. మరి జాజు గూడ ఆవంల పడి లేస్తే?”

పిల్లలు నోరు తెరుచుకొని చూస్తున్నారు. దుర్గమ్మ చేతిలోని సుద్దముక్క చేతిలోనే ఉన్నది. ఇంతకాలం ఆమె తప్పుకొనడం ఒక్కటే నేర్చుకున్నది. ఆచారాన్ని ఎదిరించినవారిని గురించి పుస్తకాల్లో చదివినది. ఆచారానికి ఎక్కడ తలుపు ఉన్నదో వెదికే మనిషిని ఆమె అప్పుడే చూచింది.

భూషణం మొదట వినలేదు. “పరాసోళ్ళకు ఐరేని ఉన్నదా?” అన్నాడు.

“లేదంట.”

“మరి వాళ్ళ ముచ్చట మనకెందుకు, వదినె?”

అయినా ఆ మరునాడు అతడు బడికి వచ్చి కప్పువైపు చూస్తూ నిలబడ్డాడు.

“పెంకు జారిందంట గదా, పంతులమ్మా.”

“జారలేదే.”

“జారుతదేమో చూద్దామని,” అంటూనే గూటి దగ్గరికి వెళ్ళి, జాడీని రెండుచేతులా ఎత్తి, గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు. చాలాసేపు విన్నాడు. వెళ్ళిపోతూ, “పిడికెడు జాజుతోని పొయ్యేదేంది, ఓసారి చూడొచ్చు,” అని తనలో తాను అనుకొంటున్నట్లు అన్నాడు.

పటేలు కూతురి పెళ్ళి మాఘంలో. పుష్యమాసంలో భూషణం రెండు కుండలు చేసి, పచ్చిగా ఉండగానే వదినెగారి ముందు పెట్టాడు. సారలమ్మ ఈతపుల్ల నమిలి కుంచె చేసుకున్నది. మొదటి గీత వంకరపోయినది. రెండవ గీత దగ్గర చెయ్యి కుదురుకున్నది. సున్నం తెలుపు మీద జాజు ఎరుపు, పసుపు తీగలు, పచ్చని చిలకలు. దుర్గమ్మ సాయంకాలం బడి వదిలి వచ్చి గడపమీద కూర్చొని చూసేది.

ఆవం తెరిచిననాడు ఎరుపూ తెలుపూ ధగధగలాడినవి. పసుపు మాయమైనది. ఆకుపసరు ఉన్నచోట మరకయినా లేదు. సారలమ్మ జాజుతో గీసిన అంచులు మాత్రం మిగిలి, చిలకలు ఎర్రగా ఉన్నవి.

“అక్కా, నీ చిలకలకు జరమొచ్చింది,” అన్నది సోమమ్మ.

“రానీ. బతికినయి గదా.”

నలుగురి కళ్ళా పడకుండా కుండలను బడిలో ఉంచారు. ఆ వారం మంచు విపరీతంగా కురిసినది. ఒక ఉదయం తలుపు తీసిన దుర్గమ్మకు నేలమీద తెల్లని పొడి కనిపించింది. కుండల మీది తెలుపంతా పొలుసులు పొలుసులుగా లేచి రాలుతున్నది. దానితోబాటు చిలకలూ రాలుతున్నవి. కబురు దాచి లాభం లేదు. ఆమె తిన్నగా కుమ్మరి ఇంటికి నడిచి, ఉన్నది ఉన్నట్లు చెప్పింది.

సారలమ్మ వచ్చి ఆ పొడి నాలుకమీద వేసుకొని, చప్పున ఉమ్మింది. “సున్నం. ఆవంల మళ్ళ కాలింది. మంచు తగిలేసరికి ఉడికి లేసింది.”

ఇంతా చేసి, ఐరేని అంటే సున్నమూ జాజూ అని పుట్టుకనుండి ఎరిగిన మనుషులు కనుక, కుంచె పట్టినామెకుగాని, ఆవం పేర్చినవాడికిగాని, సున్నాన్ని మళ్ళీ కాల్చకూడదన్న సంగతి తట్టలేదు. రాయిని కాల్చి సున్నం చేసే బట్టీ ఊరవతలనే ఉన్నది; దాని పొగ రోజూ చూస్తున్నవారే.

“ఇగ అడగకు, వదినె,” అన్నాడు భూషణం. కోపంతో కాదు, తలవంచుకొని అన్నాడు. ఎట్లా పొక్కినదో, కబురు పటేలు తల్లిదాకా పోయినది. ఊరి ఆచారాలన్నింటికీ ఆ ముసలమ్మ మాటే చివరిమాట. కుమ్మరి ఇంట ఏదో కొత్త యవ్వారం నడుస్తున్నదట, మంచి కుండలు ఇస్తారో లేదో చెప్తే భోపాలపట్నం కుమ్మరులకు చెప్పుకుంటామని ఆమె మనిషిచేత అడిగించింది.

సారలమ్మ బడివైపు రావడం మానివేసినది. ఎదురుపడితే మాట్లాడుతుంది, కాని ఆ మాటల్లో పాత ఎత్తిపొడుపు లేదు. ఆ లేమి దుర్గమ్మకు జ్వరంకన్న బాధగా ఉండేది. ఆ జాడీ కబురు తాను చెప్పకపోయి ఉంటే, ఆమె ఊరుకొన్న చేతికి అలవాటుపడి ఉండేదేమో అనిపించేది. మరొక క్షణంలోనే, అలవాటుపడడం అంటే ఏమిటో తనకన్న తెలిసినవారెవరని అనిపించేది.

అంతలో బుధ్రి కూతురు బడికి రావడం మానింది. బుధ్రిది ఊరవతల అడవి అంచున గూడెం. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. దుర్గమ్మ సారలమ్మను బతిమాలి దుబాసీగా వెంటబెట్టుకొని వెళ్ళింది. పిల్లకు చెవిపోటు, అంతకుమించి ఏమీ లేదు. బుధ్రి వారిద్దరినీ కూర్చోబెట్టి, పొయ్యిమీద జావ కాస్తూ, బడిలో తన పిల్ల ఏమేమి కొంటెపనులు చేస్తున్నదో ఆరా తీస్తున్నది. సారలమ్మ బదులు చెబుతూ చెబుతూ ఆగిపోయినది. ఆమె చూపు పొయ్యిమీద ఉన్నది. మంట నాలుకలు తాకుతున్న చోటు మసిబారినదిగాని, మిగిలిన పొయ్యంతా పాలవలె తెల్లగా ఉన్నది.

“పొయ్యికి ఏం పూస్తవే?”

“ఛుయీ,” అన్నది బుధ్రి. అది గుట్టల్లో దొరికే తెల్లమట్టి, గోడలకు పూసేది.

“నిప్పుకు ఊడదా?”

“ఊడితే మా అత్త నన్ను ఇంట్ల ఉంచుతదా?”

సారలమ్మ వేలు తడి చేసుకొని పొయ్యి అంచును రుద్దింది. మళ్ళీ రుద్దింది. తరువాత జావ తాగకుండానే లేచినది. బుధ్రి కోప్పడితే కూర్చొని గబగబా తాగినది. తిరుగుదారిలో ఆమె కొంగులో ఛుయీ గడ్డలు మూటగా ఉన్నవి. నడక ఎంత వేగమంటే, దుర్గమ్మ వెనుకబడిపోయినది.

“జెర బిరబిర నడువు, పంతులమ్మా. జాడీ లేదు గదా ఇప్పుడు సంకల.”

ఆ ఎత్తిపొడుపు విని దుర్గమ్మకు కళ్ళనీళ్ళు వచ్చినవి. వెనుకనే ఉన్నది కనుక తుడుచుకొన్నది.

భూషణాన్ని ఒప్పించినది మాత్రం సోమమ్మ. “ఈసారి పోతే పోయె, నేనున్న గదా,” అన్నది. “నేనేస్తే ఊరంతా నవ్వుడు. నవ్వించుకునేది నువ్వా నేనా? అక్కను వెయ్యనీ.”

ఈసారి ఛుయీని గుడ్డలో వడకట్టి, పాలవలె కలిపి, పచ్చికుండకు పూసి, ఆరిన తరువాత జాజుతో వేసింది. పచ్చరంగు జోలికి పోలేదు. కాలి బయటపడిన కుండను భూషణం వాగులో ముంచి ఉంచాడు. తీసి మంచులో ఆరుబయట పెట్టాడు. మళ్ళీ ముంచాడు. “దాన్ని సంపుతున్నవు,” అని సారలమ్మ అడ్డం పోయేవరకు ముంచుతూనే ఉన్నాడు. చిలకలు కదలలేదు.

పటేలు తల్లి స్వయంగా కుమ్మరి వాకిట్లోకి వచ్చింది. చేతికర్ర ఆనించుకొని నిలబడి, వరుసగా పెట్టిన కుండలను ఈ చివరినుండి ఆ చివరిదాకా చూచింది.

“ఎవలేసిన్రు?”

దుర్గమ్మ దడి అవతల నిలబడి ఉన్నది. సోమమ్మ వేసిందని ఒక్క అబద్ధమాడితే గండం గడుస్తుందని ఆమెకు తెలుసు, భూషణానికీ తెలుసు.

“మా వదినె,” అన్నాడు అతడు. “పచ్చిగున్నప్పుడు వేసింది, అమ్మా. నేను ఆవం పెట్టి కాల్చిన.”

“ముండమోసినామె చెయ్యి ఐరేనికి తగలొద్దని నీకు ఎరుక లేదా?”

“ఎరుకే. కానీ మట్టి గూడ ఆమెనే తొక్కుతది. నీ పెండ్లికి మా తాత చేసిన కుండలకు మట్టి తొక్కింది మా ముత్తవ్వ. ఆమె గూడ గంతే. గా మట్టికి మైల ఎందుకు లేదు? ఆవంల పడ్డది గనక. ఇప్పుడు జాజు గూడ ఆవంల పడ్డది.”

ముసలమ్మ కర్ర చేతి నుండి చేతికి మార్చుకున్నది. ఆమె కూడా ముప్పై ఏళ్ళుగా, తన ఇంటి పెళ్ళిళ్ళను తానే నడిపిస్తూ, ముహూర్తం వేళకు వెనుకగదిలోకి తప్పుకొనే మనిషే. వంగి ఒక కుండను వేలితో తడిమింది.

“పసుపెవలు పెడతరు?”

“నేను పెడతనమ్మా,” అన్నది సోమమ్మ. “పసుపు నిప్పుకు ఆగదు. కాల్చినంక నేనే పెడత.”

“చిలకలు ఎర్రగెందుకున్నయి?”

“పెండ్లి చిలకలు గదమ్మా. సిగ్గువడ్డయి.”

ముసలమ్మ నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయినది. “నీ నోరు గూడ ఆవంల పెట్టాలె,” అన్నది. తరువాత భూషణంవైపు తిరిగి, “నిప్పుల పడి లేసినదానికి మైలేంది. బుధవారం మేళమొస్తది. సిద్ధంగ ఉంచు,” అని చెప్పి వెళ్ళిపోయినది. వెళ్తూ సారలమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆమె మోచేతిని పట్టుకొని వదిలిపెట్టినది.

బుధవారం మేళం వచ్చింది. సోమమ్మ కుండలకు పసుపు బొట్లు పెట్టి ముత్తయిదువుల తలలకెత్తింది. సారలమ్మ, దుర్గమ్మ బడి అరుగుమీద నిలబడ్డారు. పెళ్ళివారికి ఎదురు రాకూడదు కనుకనే దూరాన నిలబడినాగాని, ఆనాడు దుర్గమ్మకు తప్పుకొన్నట్లు అనిపించలేదు. వీధి మలుపు తిరిగేవరకు ఎర్రచిలకలు జనం తలలమీదుగా కనిపిస్తూనే ఉన్నవి. అవి కనుమరుగైన తరువాత సారలమ్మ బడిలోకి వచ్చి, గూటిలోని జాడీకి, పెచ్చు ఊడినచోట, వేలి చివర మిగిలిన జాజుతో చిన్న బొట్టు పెట్టింది.

“గా ఇద్దరు పరాసోళ్ళు ఏ లోకంల ఉన్నరో. సల్లగుండాలె,” అన్నది.

తరువాత ఎన్నో మాఘమాసాలు వచ్చినవి. ఎర్రచిలకల కుండలు మద్దేడు దాటి చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళకూ పోయినవి. కొన్నాళ్ళకు ఐరేని చిలక ఎర్రగానే ఉండాలని పిల్లలు వాదించుకొనేవారు. సారలమ్మ పొద్దున్నే పిల్లలను ఇళ్ళనుండి తోలుకొని వచ్చి బడిలో దిగబెట్టేది. ఏ తల్లి అయినా పిల్లను పంపనంటే, ఆ ఇంటి పెళ్ళి వచ్చినప్పుడు చూసుకుంటానని బెదిరించేది. దుర్గమ్మ బడి నిలిచినదంటే అందులో సగం ఆ బెదిరింపు చలవ. ఈ సంగతి దుర్గమ్మ ఒకసారి పైఅధికారి ఎదుటనే చెప్పింది. ఆయన అర్థం కాక తల ఊపాడు.

సంస్థానం రోజులు ముగిసేనాటికి సారలమ్మకు చూపు మందగించి, దగ్గు ముదిరి, మంచం దిగడం కష్టమైనది. అదే వానకాలంలో భూషణం హఠాత్తుగా పోయాడు. సారె అతని కొడుకు చేతికి వచ్చింది. సోమమ్మ గాజులు లేని చేతులను కొంగులో దాచుకొని, మూలన కూర్చొని, పిలిచినా పలికేది కాదు. సారలమ్మ దగ్గర కుంచె పట్టడం నేర్చుకొని అప్పటికి ఆమె చెయ్యి చాలావరకు తిరిగినది. చిలకను చిలకగానే వేసేది. ఇప్పుడు పచ్చికుండలు వరుసగా ఆరి, బీటలు తీస్తున్నా, వాటివైపు చూచేది కాదు. ఇంటివారు నచ్చజెప్పి విసిగిపోయారు.

ఒక సాయంకాలం సారలమ్మ కబురు పంపితే దుర్గమ్మ వెళ్ళి మంచం పట్టెమీద కూర్చున్నది. దగ్గు తెర తగ్గేవరకు ఆమె వీపు నిమిరింది. “ఏం కావాలక్కా? వైద్యుణ్ణి పిలిపించనా?” అన్నది.

సారలమ్మ తల అడ్డంగా ఊపి, మూలనున్న సోమమ్మకు వినబడకుండా దుర్గమ్మ చెవి దగ్గరికి జరిగినది.

“వైద్యుడెందుకు. అది నా మాట ఇంటలేదు, పంతులమ్మా. నేను పోతున్న గదా అని ఇంకింత ఏడుస్తది. నీ మాటయితే ఇంటది. రేపు బడికి చుట్టీ ఇచ్చెయ్యి. పొద్దుగాల్నే వచ్చి ఓ పచ్చికుండ దాని ముందట పెట్టి, అది కుంచె పట్టేదాక నువ్వు లేవకు. ఛుయీ వడగట్టి ఉంచిన. జాజు గూడ నూరే ఉన్నది.”